తాడు మూడుసార్లు లాగాలి

మా పోర్తో నగరాన్ని చూడడానికి లోకమంతా వస్తుంది. రాళ్ళ వీధుల్లో చక్రాల పెట్టెలు గడగడలాడించుకుంటూ వస్తారు. మా గుమ్మాల మెట్ల మీద కూర్చుని, మేము ఆరేసుకున్న దుప్పట్లకు ఫొటోలు తీసుకుంటారు. వాళ్ళకు గదులు కావాలి కాబట్టి మా ఇళ్ళు ఒక్కొక్కటే ఖాళీ అవుతున్నాయి. మేము మాత్రం జూన్ నెలలో ఒక శనివారం బుట్టల్లో తిండి సర్దుకుని, బస్సు మాట్లాడుకుని, ఇంకో ఊరు చూడడానికి పోతాం. సొంత ఊరు చూసుకుందామంటే అందులో నిలబడే చోటు దొరకదు.

ఆ ఏడాది బస్సు అమరాంత్ పోతుందని తెలియగానే జుల్మీరా పెద్దమ్మ నేను రాను పొమ్మంది.

జుల్మీరా మా అమ్మకు అక్క. పెళ్ళి చేసుకోలేదు. చిన్న పిల్లగా మా బోంఫిం పేట మలుపులోని తిండి కొట్టులో గిన్నెలు తోమడానికి చేరింది. యజమాని కాలం చేశాక ఆ కొట్టూ, దాని మీది రెండు గదులూ ఆమె చేతికి వచ్చాయి. గురువారం వచ్చిందంటే చిక్కుడు గింజలేసి బోటీ వండుతుంది. మా ఊరివాళ్ళని మా దేశపు దక్షిణాదివాళ్ళు బోటీగాళ్ళని వెక్కిరిస్తారు. పూర్వం ఎప్పుడో ఓడలవాళ్ళకు మాంసమంతా ఇచ్చేసి, పేగులు మాత్రం మేము ఉంచుకున్నామట. అది నిజమో కాదో నాకు తెలియదు గాని, ఉన్నదంతా ఇచ్చేసి మిగిలింది తినడం మాకు బాగానే వచ్చు.

మిగిలిన రోజుల్లో ఆమె చేసేది చేప బోండాలు. ఉప్పుపట్టించి ఎండబెట్టిన చేపని నానబెట్టి, పీచులుగా విడదీసి, ఉడికించిన ఆలుగడ్డతో కలిపి, రెండు చెంచాల మధ్య ఇటూ అటూ దొర్లించి నూనెలో వదులుతుంది. చూడకుండా చేస్తుంది. ఆ చేతులు పని చేస్తుంటే నోరు వీధిలో పోయేవాళ్ళతో మాట్లాడుతుంటుంది. ఎవరికి ఏం చెప్పాలన్నా మొహం మీదే చెప్తుంది. ఆమె నవ్వితే పక్క వీధిలో కిటికీలు తెరుచుకుంటాయి. ఒక్క విషయంలో తప్ప ఆమె నోరు మూతపడడం నేను చూడలేదు. ఆ ఒక్క విషయం పేరు బెల్మీరు.

బెల్మీరు పాత ట్రాముల్లో కండక్టరు. భార్య పోయి చాలా ఏళ్ళయింది. కండక్టరుకి కూర్చునే సీటు ఉండేది కాదు. బండి ఊగుతుంటే నిలబడి టిక్కెట్లు కొట్టడం, పైకప్పు వెంట వేలాడే తాడు లాగి డ్రైవరుకి గంట వినిపించడం, ఇదీ ఆయన జీవితం. ఒకసారి లాగితే ఆపు. రెండుసార్లు లాగితే పోనీ. ట్రాములు ఒక్కొక్కటే తీసేసినా, పింఛను వచ్చినా, ఆయన కాళ్ళకు ఆ సంగతి ఎవరూ చెప్పినట్టు లేరు. ఎక్కడికెళ్ళినా నిలబడే ఉంటాడు. రోజూ మధ్యాహ్నం కొట్టుకి వస్తాడు. కుర్చీలు ఖాళీగా ఉన్నా బల్లకి ఆనుకుని నిలబడి రెండు బోండాలు తింటాడు. మూతి తుడుచుకుని ఒక మాట అంటాడు.

"ఉప్పు సరిపోయింది, దోనా జుల్మీరా."

"రేపు కూడా సరిపోతుంది, సెన్యోర్ బెల్మీరు."

అమ్మగారూ అయ్యగారూ అన్నట్టు దోనా, సెన్యోర్ అని పిలుచుకుంటూ ఇన్నేళ్ళలో ఆ ఇద్దరి మధ్య నడిచిన ప్రేమంతా ఇంతే. ఇది ప్రేమేనని వీధిలో చిన్న పిల్లలకు కూడా తెలుసు. వాళ్ళిద్దరికే ఎవరో చెప్పాలి. చెప్పడానికి ప్రయత్నించినవాళ్ళని పెద్దమ్మ గరిటె పుచ్చుకుని తరిమింది. ఆయన్ని అడిగితే వాతావరణం గురించి మాట్లాడేవాడు.

ఆ మే నెలలో బెల్మీరు అద్దెకుండే ఇల్లు అమ్ముడుపోయింది. కొన్నవాడు దాన్ని యాత్రికుల గదులు చేస్తాడట. జూన్ ఆఖరుకి ఖాళీ చేయాలి. దక్షిణాన సెతూబల్లో ఉన్న కూతురు, మా ఇంట్లో గది సర్దేశాను, వచ్చెయ్యి నాన్నా అంది. ఈ కబురు ఆయన కొట్టులో నిలబడి రెండో బోండా తింటూ చెప్పాడు. పెద్దమ్మ నూనెలోంచి చూపు తిప్పకుండా, అక్కడ చేపలు బాగుంటాయంటారు అంది. నాకు తెలిసి మొదటిసారి ఆ రోజు ఆమె బోండాలు మాడ్చింది. మాడినవి ఆయన నోరెత్తకుండా తిన్నాడు.

మా పేట సంఘానికి పెద్ద ఆల్బెర్టీనా. సన్నటి మనిషి, గొంతు మాత్రం ఓడ కూత. ఏటా యాత్ర బస్సు ఎక్కడికి పోవాలో ఆమె మాటే ఖాయం. బెల్మీరు సంగతి తెలిసిన మర్నాడే, ఈసారి అమరాంత్ అని చెప్పేసింది. ఎందుకో అందరికీ అర్థమైంది.

అమరాంత్‌లో ఉన్నది పునీత గొన్సాలు. ఆయన పెళ్ళిళ్ళు కుదిర్చే పునీతుడు. అందులోనూ వయసు మళ్ళిన ఆడవాళ్ళకి. చర్చి వెనక గదిలో ఆయన విగ్రహం ఉంటుంది, దాని నడుముకి తాడు కట్టి ఉంటుంది. మనసులో కోరుకుని ఆ తాడుని మూడుసార్లు లాగాలి. లాగితే ఏడాది తిరిగేలోపు మొగుడు దొరుకుతాడని నమ్మకం. కుర్రపిల్లల మొర ఆయన వినడని వాళ్ళు తరతరాలుగా దెప్పుతూనే ఉన్నారు.

పెద్దమ్మకూ ఆయనకూ మాటల్లేవు. మాటల్లేవంటే నిజంగానే లేవు. ఇరవైల్లో ఉన్నప్పుడు తోటి ఆడపిల్లలతో కలిసి వెళ్ళి, ఒక రొట్టెల కొట్టు కుర్రాణ్ణి మనసులో పెట్టుకుని మూడుసార్లూ లాగింది. ఆ ఏడే ఆ కుర్రాడు ఆమె స్నేహితురాలిని పెళ్ళి చేసుకున్నాడు. ఆ స్నేహితురాలు తాడు ముట్టుకోను కూడా లేదు, బయట నిలబడి మిఠాయి తిన్నది. తర్వాత ఎవరో ముసలావిడ, నువ్వు తొందరపడ్డావే, ఆయన ముసలాళ్ళ దేవుడు, నీ వయసుకి ఆయన దగ్గర పని లేదు అని చెప్పిందట. వయసు చూసి వరమిచ్చేవాడు పునీతుడెట్లా అవుతాడని పెద్దమ్మ కోపం. ఇంట్లో గోడ నిండా పునీతుల బొమ్మలే. ఒక కాలు విరిగినవాడున్నాడు, ముక్కు ఊడినవాడున్నాడు. గొన్సాలు మాత్రం లేడు. అమరాంత్ మిఠాయి ఎవరైనా తెస్తే తినదు.

నేను ఆమెతో వాదించాను. ఆ రోజుల్లో నాకు ఎవరితోనైనా వాదించడమే పని. పగలంతా యాత్రికుల పెట్టెలు మూడో అంతస్తుకి మోసి, రాత్రి పాత పుస్తకాలు చదివి, పొద్దున్నే కోపంగా లేచేవాణ్ణి. పునీతులూ తాళ్ళూ నాకు ఎక్కవు. అయినా, నువ్వు రాకపోతే ఆయనకి భయపడ్డావనుకుంటారు పెద్దమ్మా అన్నాను.

"భయమా? ఆ బొమ్మకా?" అంది. మర్నాడు యాత్ర బుట్టకని విడిగా చేప నానబెట్టింది.

బస్సు పొద్దున్నే కదిలింది. వెనక సీట్లో అకార్డియన్, నడవ నిండా బుట్టలు, బుట్టల మీద పిల్లలు. సగం సీట్లు తిండికే పోయాయి. దారిలో ఎక్కడ హోటల్ కనిపించినా మావాళ్ళు జాలిగా చూశారు. డబ్బు పోసి అక్కడ తినేవాళ్ళు తిండి చేసిపెట్టేవాళ్ళు లేనివాళ్ళయి ఉండాలని మా నమ్మకం. బెల్మీరు ఇస్త్రీ చొక్కా, కోటు వేసుకుని డ్రైవరు పక్కన కమ్మీ పట్టుకుని నిలబడ్డాడు. కూర్చోండి సారూ, పోలీసులు చూస్తే నాకు తలనొప్పి అని డ్రైవరు రెండుసార్లు బతిమాలాడు. ఆయన వినలేదు. పైగా మలుపు వచ్చినప్పుడల్లా డ్రైవరుకి ముందే చెప్తున్నాడు.

"ఆయన్ని సెతూబల్ దాకా ఇట్లాగే నిలబెట్టి తీసుకుపోతారేమో" అంది ఆల్బెర్టీనా, బస్సంతా వినబడేలా. పెద్దమ్మ కిటికీలోంచి కొండలు చూస్తూ కూర్చుంది.

అమరాంత్‌లో పండుగ. బస్సు దిగేసరికే డప్పులు గుండెలో మోగాయి. మనిషంత డప్పుల్ని పొట్టకి కట్టుకుని కొడుతున్నారు. నది ఒడ్డున బండ్లు, బండ్ల మీద మిఠాయిలు. ఈ ఊళ్ళో పునీతుడి పేరు మీద ఒక మిఠాయి చేస్తారు. దాని ఆకారం గురించి మా అమ్మ చదివేచోట నేను రాయను. మగవాడికి సంబంధించిన ఆకారం అంటే చాలు. పైన చక్కెర పూత కూడా ఉంటుంది. పండక్కి ఆడా మగా ఒకళ్ళకొకళ్ళు కొనిచ్చుకుని నవ్వుకుంటారు. పాదిరీలు చూడనట్టు పోతారు.

దిగిన వెంటనే ఆల్బెర్టీనా ముంజేయంత పొడుగున్న దాన్ని ఒకటి కొంది. కొని, సెన్యోర్ బెల్మీరు, ఇది ఒక్క నిమిషం పట్టుకోండి, చెప్పులో రాయి పడింది అంటూ ఆయన చేతిలో పెట్టింది. చెప్పు విప్పి, దులిపి, తొడుక్కుని అట్లాగే జనంలో కలిసిపోయింది. కోటూ, ఇస్త్రీ చొక్కా, చేతిలో ఆ మిఠాయి, నడివీధిలో బెల్మీరు. పారేద్దామంటే తిండి వస్తువు. ఇంకొకరికి ఇద్దామంటే దానర్థం ఇంకొకటి అవుతుంది. చివరికి ఎవరో పారేసిన వార్తాపత్రిక దొరికితే అందులో చుట్టి చంకలో పెట్టుకున్నాడు. ఒక చివర బయటికే ఉండిపోయింది.

పెద్దమ్మ అది చూసింది. ఆ నవ్వుకి వంతెన మీద పావురాలు లేచిపోయాయి.

ఆ తర్వాత ఊరు చూడడం మొదలుపెట్టింది. నా చెయ్యి పట్టుకుని లాక్కుపోయింది. నాకు ఇరవయ్యారేళ్ళు, ఆమె వెనక నేను రొప్పుతున్నాను. రాతి వంతెన మీద నడిమధ్యన ఆగి నీళ్ళు చూసింది. ఒకప్పుడు ఫ్రెంచి సైన్యాన్ని ఈ వంతెన మీదే రోజుల తరబడి ఆపారని నేను చదివింది చెప్పబోతే, ఆ రోజుల్లో వాళ్ళకి వంట ఎవరు చేశారో ఆ పుస్తకంలో ఉందా అని అడిగింది. లేదు. అయితే ఆ పుస్తకం సగమే రాశారంది. చర్చి పక్క గోడ మీద వరండాలో నిలబెట్టిన రాజుల విగ్రహాలు చూసి, నడుం పట్టేసిన రాజెవరో, భార్య మాట వినే రాజెవరో ఒక్కొక్కరినీ చూపించి చెప్పింది. ప్రతి బండి దగ్గరా ఆగి ఏదో ఒకటి తిన్నది. గుడ్డు సొనా చక్కెరా కలిపి చేసినవి, బాదంపప్పు నూరి చేసినవి, నోట్లో వేసుకోగానే కరిగిపోయేవి. ఇన్నేళ్ళు వద్దన్న మిఠాయిలేగా అని నేను గుర్తుచేశాను.

"వీటిని కన్యాస్త్రీలు కనిపెట్టారు. ఆయనకేం సంబంధం" అంది.

చేప వేయించే బండి ఒకటి ఉంటే అక్కడ ముక్కు ఎగబీల్చి, నూనె నిన్నటిదని వాడి మొహం మీదే చెప్పింది. వాడు ఒప్పుకుని ఒకటి ఊరికే ఇచ్చాడు. తిని, ఇంత చెడ్డది ఈ మధ్య తినలేదని మెచ్చుకుంది. ఆమెను చూస్తుంటే నాకూ కోపం మరిచిపోయినట్టయింది. ఆ పొద్దుటిపూట నేను ఎవరినీ తిట్టుకోలేదు. ఒక యాత్రికుణ్ణి కూడా.

కానీ చర్చి దగ్గరికి వచ్చేసరికి ఆగిపోయింది. మా బస్సు ఆడవాళ్ళంతా లోపల వరసలో ఉన్నారు. పెళ్ళయినవాళ్ళు కూడా, చెల్లెలి కోసమనీ వదిన కోసమనీ చెప్పి. ఆల్బెర్టీనా గుమ్మంలో నిలబడి రమ్మని చెయ్యి ఊపింది. పెద్దమ్మ మెట్ల మీద కూర్చుని చెర్రీ పళ్ళ పొట్లం విప్పింది.

"ఒకసారి అడిగాను. రెండోసారి నేను ఎవరినీ అడగను" అంది.

ఎవరినీ అన్నది పునీతుణ్ణి ఒక్కణ్ణే కాదని నాకు తెలుసు. ఆల్బెర్టీనాకూ తెలుసు. అప్పుడే మెట్లెక్కుతున్న బెల్మీరుకి వినపడిందో లేదో మాత్రం తెలియలేదు. ఆయన పొట్లాన్ని చంక మార్చుకుని, టోపీ తీసి, వాతావరణం బాగుందన్నాడు.

మధ్యాహ్నం నది ఒడ్డున చెట్ల కింద దుప్పట్లు పరిచాం. మా యాత్రల్లో ఒక పద్ధతి ఉంది. ఎవరి దుప్పటి మీద ఎవరు కూర్చున్నారన్నది ఊరికే పోదు. కోపతాపాలున్నవాళ్ళు వేరే దుప్పట్ల మీద కూర్చుంటారు, రాజీపడితే ఒక దాని మీదికి వస్తారు. ఒకసారి ఒక దుప్పటి మీద కూర్చుని తిన్నవాళ్ళని ఆ ఏడాదంతా ఆ ఇంటివాళ్ళుగానే లెక్కేస్తారు. బెల్మీరు ఏ ఏడూ ఎవరి దుప్పటి మీదా కూర్చోలేదు. చేతిలో పళ్ళెంతో ఒక్కో దుప్పటి అంచునా నిలబడి, ఒకచోట కోడి వేపుడు, ఇంకొకచోట మొక్కజొన్న రొట్టె, మరొకచోట వైన్, ఇట్లా తిరుగుతూ తింటాడు. టిక్కెట్లు కొడుతున్నాడని మావాళ్ళు నవ్వుకుంటారు.

చివర మా దుప్పటి దగ్గరికి వచ్చాడు. పెద్దమ్మ పూల అంచు దుప్పటి పరిచింది. బోండాల గిన్నె మీది గుడ్డ తీసింది. ఒక పక్క ఇంకో మనిషి పట్టేంత చోటు ఖాళీగా ఉంది. నేను అక్కడ కాళ్ళు చాపబోతే నా మోకాలి మీద ఒక్కటిచ్చింది.

బెల్మీరు ఆ చోటు చూశాడు. బోండా తీసుకుని నిలబడే తిన్నాడు.

అక్కడ ఇవి ఎవరు చేస్తారు మీకు అని ఆల్బెర్టీనా పక్క దుప్పటి మీంచి అడిగింది. మా అమ్మాయి చేస్తుంది, ఓవెన్లో పెడుతుంది, నూనె మంచిది కాదంటుంది అన్నాడాయన.

"ఓవెన్లోనా?" అంది పెద్దమ్మ. ఎవరో చనిపోయారని విన్నట్టుగా అంది.

నదిలో పడవలవాళ్ళు అరుచుకుంటున్నారు. బెల్మీరు రెండో బోండా తిన్నాడు, మూతి తుడుచుకున్నాడు, ఉప్పు సరిపోయిందన్నాడు. రేపు కూడా సరిపోతుందని అనాల్సిన పెద్దమ్మ గిన్నె మీద గుడ్డ కప్పింది. ఆయన కాసేపు ఎదురుచూశాడు. ఆ జవాబు లేకుండా ఎక్కడికి కదలాలో తెలియనట్టు నిలబడ్డాడు. ఆపైన పొట్లం చంకలో పెట్టుకుని చెట్ల మధ్యగా వెళ్ళిపోయాడు.

ఆల్బెర్టీనా నోరు తెరవబోయింది. పెద్దమ్మ చూసిన చూపుకి మళ్ళీ మూసింది. అట్లా జరగడం కూడా నేను మొదటిసారి చూడడం.

సాయంత్రం బస్సెక్కే వేళకి అందరూ వచ్చారు, బెల్మీరు తప్ప. డ్రైవరు హారన్ కొట్టాడు. ట్రాముల మనిషి, ఒక్క క్షణం ఆలస్యమైతే ఊరుకోనివాడు, కనబడకపోయేసరికి జనం కంగారుపడ్డారు. నదిలో పడ్డాడేమోనన్నారు ఒకరు. ఆ మిఠాయి పట్టుకుని ఉంటే తేలుతాడన్నారు ఇంకొకరు. నేను వెతకడానికి పోయాను. వంతెన చూశాను, బండ్లు చూశాను. చివరికి చర్చిలోకి పోయాను.

బలిపీఠం వెనక గదిలో వరస ఇంకా ఉంది. అందరూ ఆడవాళ్ళే. తలకి నల్ల రుమాళ్ళు కట్టుకున్నవాళ్ళు, చేతికర్రలవాళ్ళు, మనవరాళ్ళ భుజాలు పట్టుకున్నవాళ్ళు. వాళ్ళ మధ్యలో, అందరికంటే ఒక తల ఎత్తున, బెల్మీరు. టోపీ చేతిలో, పొట్లం చంకలో. వెనకనున్న ఒకావిడ ఆయన కోటు లాగి, అయ్యా, ఇది ఆడాళ్ళ వరస, మీకు పెళ్ళాం కావాలంటే మేమే ఉన్నాంగా అంది. గదంతా నవ్వింది. ఆయన చెవులు ఎర్రగా అయ్యాయి గాని కాళ్ళు కదల్లేదు. నన్ను చూసి, కొట్టులో అందరికీ చెప్పకు ఫాబియూ అన్నట్టుగా తల అడ్డంగా ఊపాడు.

ఆయన వంతు వచ్చింది. పునీతుడి ముందు నిలబడ్డాడు. ఏం కోరుకున్నాడో పెదాలు కదిలాయి. చెయ్యెత్తి తాడు పట్టుకున్నాడు. ఆ పట్టుకోవడం చూస్తే తెలుస్తుంది, ఆ చెయ్యి జీవితమంతా తాడు పట్టుకున్న చెయ్యి. ఒకటి. రెండు. పొట్టిగా, గట్టిగా, గంట మోగాలన్నట్టు. లాగి వదిలేసి, పక్కకు జరిగి, బండి కదిలితే పడిపోకుండా ఉండడానికన్నట్టు గోడ పట్టుకున్నాడు.

"మూడు! ఇంకొకటుంది" అని అరిచింది వెనకావిడ.

ఆయనకు అప్పుడు తెలిసింది. చెయ్యి మళ్ళీ చాపేలోపే చేతికర్రావిడ ఒకతె తాడు అందుకుంది. ఆవిడ వదిలేలోపు ఇంకొకావిడ. మళ్ళీ వరస చివరికి పొమ్మన్నాడు చర్చి మనిషి, నవ్వు ఆపుకుంటూ. బయట బస్సు హారన్ వినిపిస్తూనే ఉంది.

మేమిద్దరం గుమ్మంలోకి వచ్చేసరికి పెద్దమ్మా ఆల్బెర్టీనా మెట్లెక్కుతున్నారు. మేము ఏదో ఒకటి చెప్పి తప్పించుకునేవాళ్ళమే. కానీ లోపలినుంచి వచ్చిన ఆడవాళ్ళు ఆగలేదు. ఇదిగో ఇతనే, మగాడు వచ్చి తాడు లాగాడమ్మా, అదీ రెండుసార్లే లాగి వదిలేశాడు, మూడోది మరిచిపోయాడు, ఇట్లాంటి మొగుణ్ణి ఎవరు చేసుకుంటారో అని చెప్పుకుంటూ మెట్లు దిగి పోయారు.

డప్పులు దూరంగా మోగుతున్నాయి.

"రెండేనా?" అంది పెద్దమ్మ.

బెల్మీరు టోపీని చేతుల్లో తిప్పాడు. "చేతికి అలవాటు, దోనా జుల్మీరా. రెండు లాగితే బండి కదలాలి."

"కదిలిందా మరి?"

ఆయన తన కాళ్ళ వైపు చూసుకున్నాడు. "లేదు" అన్నాడు. "ఇక్కడే ఉన్నాను."

పెద్దమ్మ తన చేతిసంచీ నా మెడకి తగిలించింది. గౌను సర్దుకుంది. ఏళ్ళ తరబడి తొక్కని గడప దాటి లోపలికి పోయింది. మేము వెనక పరిగెత్తాం. ఆమె వరస చివర నిలబడలేదు. నేరుగా ముందుకి పోయింది. వెనకనుంచి ఆడవాళ్ళు లేచారు, వరస కనబడడం లేదా అని. పెద్దమ్మ వెనక్కి తిరిగింది.

"నేను ఈ వరసలో మీ అందరికంటే ముందునుంచీ ఉన్నానమ్మా" అంది. "నలభై ఏళ్ళయింది."

ఆ గొంతులో ఏముందో, దారిచ్చారు. ఆమె పునీతుడి మొహంలోకి చూసింది. ఇద్దరూ చాలాకాలం తర్వాత కలిసిన మొండి మనుషుల్లా ఉన్నారు. వయసు సరిపోయిందా ఇప్పుడు అని ఆమె మెల్లగా అడగడం నాకు వినబడింది. తాడు పట్టుకుంది. ఒక్కసారి లాగింది. పెద్ద గిన్నెలు ఎత్తిన చెయ్యి అది. విగ్రహం ఊగిందని ఇప్పటికీ చెప్తాను. చర్చి మనిషి పరిగెత్తుకొచ్చి దాని భుజం పట్టుకుని, ఇంకా రెండున్నాయి, మెల్లగా లాగండి తల్లీ అన్నాడు.

"అక్కర్లేదు. ఆ రెండూ ఆయన లాగాడు" అని ఆమె బయటికి వచ్చేసింది.

బస్సు దగ్గరికి నడిచాం. ఆల్బెర్టీనా చేతిరుమాలుతో కళ్ళొత్తుకుంటూ, దుమ్ము ఎక్కువగా ఉందీ ఊళ్ళో అంది. బస్సెక్కాం. బెల్మీరు ఎప్పటిలాగే డ్రైవరు పక్కకి పోయి కమ్మీ పట్టుకున్నాడు. పెద్దమ్మ తన సీట్లో, కిటికీ పక్కన కూర్చుంది. నేను ఆమె పక్కన కూర్చోబోతే ఒక చూపు చూసింది. నేను వెనక్కి, అకార్డియన్ పక్కకి పోయాను.

"బెల్మీరూ" అంది. ఆ పేరు ముందు సెన్యోర్ లేకపోవడం బస్సంతా విన్నది. పిల్లలు కూడా గోల ఆపారు. "మూడోది నేను లాగాను. ఇంక వచ్చి కూర్చో."

ఆయన కమ్మీ వదిలాడు. ఒక్కో సీటు వీపూ పట్టుకుంటూ నడవలో నడిచి వచ్చాడు. సీటు ముందు ఆగి, కూర్చోవడం ఎట్లాగో గుర్తు చేసుకుంటున్నట్టు కాసేపు చూశాడు. ఆ తర్వాత కూర్చున్నాడు. కూర్చున్నాక చంకలో పొట్లం సంగతి గుర్తొచ్చింది. ఎక్కడ పెట్టాలో తెలియక అటూ ఇటూ చూసి, చివరికి పెద్దమ్మ ఒళ్ళో పెట్టాడు.

ఆ తర్వాత బస్సులో రేగిన గోల గురించి చెప్పక్కర్లేదు. డ్రైవరు కూడా లేచి వెనక్కి తిరిగి చప్పట్లు కొట్టాడు. పెద్దమ్మ వార్తాపత్రిక విప్పి, దాన్ని సిగ్గూ ఎగ్గూ లేకుండా మోకాలి మీద రెండుగా విరిచి, ముక్కలు చేసి బస్సంతా పంచింది. మగవాళ్ళు మొహాలు చిట్లించారు. గట్టిగా ఉంది, నిన్నటిది అనుకుంటా అంది ఆల్బెర్టీనా, తిన్నాక.

నీ మెట్లు నిటారుగా ఉంటాయి అని బెల్మీరు అనడం వినిపించింది. ఆమె కొట్టు మీది గదుల మెట్ల గురించి. ట్రాము మెట్టు కంటేనా అని ఆమె అడిగింది. కాదని ఒప్పుకున్నాడు. మీ అమ్మాయికి నేను ఫోన్ చేస్తాను, ఓవెన్ సంగతి కూడా మాట్లాడాలి అంది.

డ్రైవరు సీట్లో కూర్చుని, అందరూ ఉన్నారా అని అరిచాడు. బెల్మీరు చెయ్యెత్తి పైనున్న సామాన్ల కమ్మీ మీద వేలి కణుపుతో రెండుసార్లు కొట్టాడు. బస్సు కదిలింది.

కొండలు దాటుతుంటే అకార్డియన్ మొదలైంది. ముందు సీట్లో పెద్దమ్మ బుట్టలోంచి మిగిలిన బోండాల గిన్నె తీసింది. ఒకటి ఆయన చేతిలో పెట్టింది. ఆయన కూర్చునే తిన్నాడు. మూతి తుడుచుకున్నాడు. బస్సు మొత్తం ఆ మాట కోసం ఎదురుచూసింది.

"ఉప్పు కొంచెం ఎక్కువైంది, జుల్మీరా."

"ఇన్నేళ్ళూ ఎక్కువే. నిలబడి తిన్నావు, ఏం తెలుస్తుంది" అంది పెద్దమ్మ. ఆ నవ్వుకి బస్సు కిటికీలు గలగలమన్నాయి.